ఇల్లు ఖాళీ లేదంటారు, బోర్డు మాత్రం దిగదు

హైదరాబాద్‌లో టోలీచౌకి, పారామౌంట్ కాలనీ సందుల్లో సాయంత్రం పూట ఓసారి తిరిగి చూడండి, సూడాన్, సోమాలియా, యెమెన్, టాంజానియా నుంచి చదువుకోడానికొచ్చిన పిల్లలు కూరగాయల సంచులు పట్టుకుని కనిపిస్తారు. వీళ్ళలో ఉస్మానియాకి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు, ఉస్మానియా ఎక్కడ, టోలీచౌకి ఎక్కడ, రోజూ సిటీ ఈ చివర నుంచి ఆ చివరకి బస్సులు మారి వెళ్ళాలి. క్యాంపస్ పక్కన ఇళ్ళు లేవా అంటే బోలెడున్నాయి, వీళ్ళకి ఇచ్చేవే లేవు.

ఎలా జరుగుతుందో ఇల్లు వెతికిన ఎవరినడిగినా చెప్తారు. టు-లెట్ బోర్డు మీద నంబర్‌కి ఇక్కడి ఫ్రెండ్‌తో తెలుగులో ఫోన్ చేయిస్తారు, ఓనర్ ఓకే అంటాడు, రెంట్ చెప్తాడు, మెయింటెనెన్స్ చెప్తాడు, వచ్చి చూసుకోమంటాడు. గేటు దగ్గర నల్లగా పొడుగ్గా ఉన్న కుర్రాడు బండి దిగేసరికి "అయ్యో, నిన్ననే అడ్వాన్స్ తీసేసుకున్నాం బాబూ" అయిపోతుంది. బోర్డు మాత్రం నెలైనా అక్కడే వేలాడుతుంటుంది. ఇచ్చే ఓనర్లు కూడా లేకపోలేదు, కాకపోతే పక్క పోర్షన్‌లో మనవాళ్ళు కట్టే అద్దె కంటే బాగా ఎక్కువ అడుగుతారు, ఇంకో చోట దొరకదని వాళ్ళకీ తెలుసు, వీళ్ళకీ తెలుసు.

ఓనర్ల వైపు కూడా చెప్పాలి కదా. విదేశీయుడికి ఇల్లిస్తే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో వివరాలు పంపాలి, అదో తలనొప్పి, పంపకపోతే పోలీసులు మొదట ఓనర్‌నే పిలుస్తారు. రాత్రిళ్ళు పాటలు, పార్టీలు అంటారు. నిజంగా ఇబ్బంది ఉంటే ఖాళీ చేయించుకోవచ్చు, బ్యాచిలర్స్ ఎవరిని పెట్టుకున్నా ఉండే గోలే అది. అన్నిటికంటే పెద్ద కారణం డ్రగ్స్ భయం, ఈ భయం సగం మీడియా పెంచినదే. ఏ డ్రగ్స్ కేసులో ఆఫ్రికా మనిషి దొరికినా "నైజీరియన్ అరెస్ట్" అని హెడ్డింగ్ పడిపోద్ది, మనవాడు దొరికితే "టెకీ", "వ్యాపారి కొడుకు" అని పడుతుంది. దాంతో కెన్యా నుంచి వచ్చి ఎంఫార్మసీ చదివే పిల్లాడు కూడా వీధిలోవాళ్ళకి నైజీరియనే, అనుమానితుడే.

ఇప్పుడు సీన్ అటు తిప్పి డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్దాం. అక్కడ దిగిన మన పిల్లలకి క్రెడిట్ స్కోర్ లేదనో, పేస్లిప్ లేదనో ఇల్లు దొరక్కపోవచ్చు గానీ "ఇండియన్స్‌కి ఇవ్వం" అని అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీసులో మొహం మీద అనలేరు. అనాలని ఉన్నవాళ్ళు అక్కడ తక్కువేం లేరు, అంటే కేసవుతుంది. ఆ కేసు పెట్టే హక్కు ఊరికే రాలేదు. నల్లవాళ్ళకి తెల్లవాళ్ళ పేటల్లో ఇళ్ళు ఇవ్వాలని 1966లో మార్టిన్ లూథర్ కింగ్ చికాగోలో ఊరేగింపు తీస్తే జనం రాళ్ళు రువ్వారు, ఒక రాయి ఆయన తలకే తగిలింది. ఇళ్ళ విషయంలో ఈ వివక్ష వద్దనే బిల్లు మాత్రం నానుతూనే ఉంది. 1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లో ఆయన్ని కాల్చి చంపాక, ఊళ్ళకి ఊళ్ళు తగలబడుతుంటే, ఏప్రిల్ 11న ప్రెసిడెంట్ జాన్సన్ ఫెయిర్ హౌసింగ్ చట్టం మీద సంతకం పెట్టాడు. రంగు, జాతి, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు లేదనకూడదు అన్న రూల్ ఆ రోజుది.

అసలు అమెరికా గేటు మనకి తెరుచుకోవడం కూడా ఆ పోరాటాల కాలంలోనే. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఇండియన్స్ తెల్లవాళ్ళ లెక్కలోకి రారు, సిటిజన్‌షిప్ కుదరదు అనేసింది. 1946లో చట్టం మార్చి ఏడాదికి వంద మందికి చోటిచ్చారు, దేశం మొత్తానికి వంద. ఆ కోటా పద్ధతి పోయింది 1965 ఇమిగ్రేషన్ చట్టంతో, సివిల్ రైట్స్ ఉద్యమం ఊపులో వచ్చిన చట్టం అది. చిలుకూరు బాలాజీకి 108 ప్రదక్షిణాలు చేసేవాళ్ళం చేద్దాం, మొక్కుల లిస్టులో ఆ ఉద్యమంలో మాంట్‌గోమరీ, బర్మింగ్‌హామ్ వీధుల్లో లాఠీ దెబ్బలు తిన్న నల్లవాళ్ళకి కూడా ఎక్కడో చిన్న చోటుండాలి. అయితే అదే డాలస్‌లో మనవాళ్ళు ఇల్లు కొనేటప్పుడు వాట్సాప్ గ్రూపులో నడిచే మాట ఏంటంటే "ఆ ఏరియా వద్దులే బ్రో, నల్లోళ్ళు ఎక్కువ, స్కూల్స్ బాగోవు". ఈ మాట అనేవాడు అమెరికా వెళ్ళాక నేర్చుకున్నాడనుకుంటే పొరపాటు, ఇక్కడ్నుంచే సూట్‌కేస్‌లో ఆవకాయతో పాటు పట్టుకెళ్ళాడు. పెళ్ళిచూపుల్లో "పిల్ల కాస్త చామనఛాయ అండీ, కానీ కళగా ఉంటుంది" అని సర్దిచెప్పుకునే ఇళ్ళల్లో పెరిగినవాడే కదా.

2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌లోని ఒలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఒక తెల్లవాడు "నా దేశంలోంచి పో" అని అరుస్తూ కాల్చి చంపినప్పుడు రెండు రాష్ట్రాలూ తల్లడిల్లిపోయాయి. ఆ హంతకుడు శ్రీనివాస్‌నీ, పక్కనున్న ఫ్రెండ్‌నీ ఇరాన్‌వాళ్ళు అనుకున్నాడు. మనిషి ఎవరో, ఏం చదివాడో, ఏం పని చేస్తాడో వాడికి అక్కర్లేదు, రంగు చాలు. మన గేటు దగ్గర కెన్యా కుర్రాడిని చూసే చూపుకీ దానికీ పోలికేంటి, తుపాకీ ఎక్కడ, టు-లెట్ బోర్డు ఎక్కడ అని కొందరికి కోపం రావొచ్చు. ఇల్లు ఇవ్వకపోవడం హత్యతో సమానమని మేం అనట్లేదు, అలా అనడం శ్రీనివాస్‌కే అన్యాయం. కానీ 2016 మేలో ఢిల్లీలో ఆటో దగ్గర మొదలైన గొడవలో కాంగో యువకుడిని కొట్టి చంపారు, మరుసటేడు మార్చిలో గ్రేటర్ నోయిడాలో గుంపులు నైజీరియా విద్యార్థుల మీద పడి కొట్టాయి, ఒక మాల్‌లో కుర్చీలు, స్టీలు డబ్బాలతో కొట్టిన వీడియో దేశమంతా చూసింది. ఇలాంటి చూపు ముదిరితే ఎక్కడిదాకా పోతుందో చూడటానికి కాన్సాస్ దాకా వెళ్ళక్కర్లేదు.

ఇందులో విచిత్రం ఏంటంటే హైదరాబాద్‌కి ఆఫ్రికా మనిషి కొత్త కాదు. మాసబ్‌ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్‌ని చాలామంది ఏసీలకి సంబంధించిన ఏరియా అనుకుంటారు, అది నిజాం కొలువులోని ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్, ఆ గుర్రపు దళం వాళ్ళ బ్యారక్స్ ఉన్న చోటు. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత దళం రద్దయింది, కొలువులు పోయాయి, ఆఫ్రికా మూలాలున్న ఆ సిద్దీ కుటుంబాలు మాత్రం అక్కడే ఉండిపోయాయి, వాళ్ళ పిల్లలు మనలాగే ఉర్దూ, తెలుగు మాట్లాడతారు. సిద్దీలూ, పాతబస్తీ బార్కస్ ఏరియా అరబ్బులూ వాయించే మార్ఫా డప్పులు లేకపోతే పాతబస్తీలో బరాత్ కదలదు, లీడర్ల ర్యాలీల్లో, ఊరేగింపుల్లో ఆ దరువు పడితే కాలు ఆడనివాడు లేడు. దరువుకి ఆడేవాళ్ళు ఆ వాయించే మనిషి పోలికలతో కొత్తగా దిగిన కుర్రాడిని మెట్లెక్కనివ్వరు.

ఆఫ్రికా పిల్లలతో ఆగే జబ్బు కూడా కాదిది. ఈశాన్య రాష్ట్రాల అమ్మాయిని "చైనానా, నేపాలా" అని అడిగి, ఆ తర్వాత వంటింట్లో ఏం వండుతారో అని ముక్కు చిట్లిస్తారు. ముస్లిం పేరు వింటే సగం కాలనీల్లో ఫోన్ కట్. ఇక మనలో మనకైతే "మీరేమిట్లు?" అన్న ప్రశ్న రెంట్ కంటే ముందే వస్తుంది, నేరుగా అడగలేనివాళ్ళు "వెజ్ ఓన్లీ" అని పెట్టేసి పని కానిస్తారు.

మరి చట్టం ఏం చేస్తోంది? రాజ్యాంగం 15వ అధికరణం జాతి, మతం, కులం, లింగం, పుట్టిన చోటు పేరు మీద వివక్ష వద్దంటుంది, షాపులు, హోటళ్ళు, బావులు, రోడ్ల దగ్గర ఏ పౌరుడినీ ఆపొద్దంటుంది, ప్రైవేటు ఇంటి అద్దె ఊసు అందులో లేదు. నిడో తానియా అనే అరుణాచల్ కుర్రాడు 2014 జనవరిలో ఢిల్లీలో దెబ్బలకి చనిపోయాక బెజ్‌బరువా కమిటీ వేశారు, జాతి పేరుతో అవమానించడాన్ని నేరంగా రాయమని ఆ కమిటీ చెప్పింది. ఆ తర్వాత ఐపీసీ పోయి 2024 జులై 1 నుంచి కొత్త న్యాయసంహితే వచ్చింది, అందులోనూ కమిటీ అడిగిన ఆ నేరానికి చోటు దొరకలేదు. 2021లో కేంద్రం ఇచ్చిన మోడల్ టెనెన్సీ చట్టం అడ్వాన్స్ రెండు నెలలు దాటకూడదని కూడా లెక్క కట్టి చెప్పింది, ఎవరికి ఇల్లు లేదనకూడదో చెప్పడానికి మాత్రం దానికి నోరు రాలేదు.

"ఇల్లు మాది, ఇష్టం మాది" అని ఓనర్లంటారు. కింద మేం ఉండి పైన అద్దెకిస్తున్నాం, మా ఇంట్లో ఎవరుండాలో ప్రభుత్వం చెప్తుందా అంటారు. సబబైన ప్రశ్నే. అమెరికా చట్టం కూడా ఓనర్ ఉంటూ అద్దెకిచ్చే నాలుగు పోర్షన్లకి మించని ఇంటికి కొంత మినహాయింపు ఇచ్చింది, కానీ ఫలానా వాళ్ళకే అని యాడ్‌లో రాయడానికి వీల్లేదు, జాతి విషయానికొస్తే 1866 నాటి ఇంకో చట్టం ఆ మినహాయింపు కూడా ఒప్పుకోదు. ఇక్కడా అక్కడ్నుంచే మొదలుపెట్టొచ్చు. పెద్ద గేటెడ్ కమ్యూనిటీలు, పీజీ హాస్టళ్ళు, బ్రోకర్లు, అద్దె వెబ్‌సైట్లు, టు-లెట్ బోర్డులు, వీటికి ముందు వర్తించేలా తెలంగాణ, ఆంధ్ర ప్రభుత్వాలు తమ అద్దె చట్టాల్లో ఒక్క సెక్షన్ పెట్టాలి, ఫిర్యాదు తీసుకోడానికి ఒక అధికారి పేరు కూడా అందులోనే ఉండాలి. విదేశీ విద్యార్థుల్ని చేర్చుకుని ఫీజులు తీసుకునే యూనివర్సిటీలు, కాలేజీలు హాస్టల్ సీటు గ్యారెంటీ ఇవ్వాలి, ఇవ్వలేకపోతే ఓనర్ తరఫున ఆ ఆన్‌లైన్ వివరాలు నింపే పనైనా కాలేజీ ఆఫీసే చూసుకోవాలి, దాంతో ఓనర్లకి ఒక సాకు తగ్గుద్ది. జరిమానా ఎంత వెయ్యాలి, రెండో తప్పుకి ఎంత పెంచాలి అన్నది తర్వాత కూర్చుని తేల్చుకోవచ్చు, వచ్చే అసెంబ్లీ సెషన్‌కి ఆ సెక్షన్ డ్రాఫ్ట్ టేబుల్ మీదకి రావాలి.