ఐసీయూలో ఫంగస్ మందు: రక్తంలో ఎంత ఉందో ఎవరు చూస్తున్నారు?

సెప్సిస్‌తో, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీసే జబ్బుతో, వారం రోజులుగా ఐసీయూలో ఉన్న మనిషి కాలి మీద బొటనవేలితో నొక్కితే సొట్ట పడుతుంది. అది చాలాసేపటికి గానీ పూడదు. రక్తపోటు నిలబెట్టడానికి ఎక్కించిన సెలైన్ రక్తనాళాల్లోంచి జారి ఒంట్లో నిలిచిపోయింది. ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందు ఒంట్లో నీరు ఎక్కడుంటే అక్కడికల్లా పాకుతుంది. చెంబు మజ్జిగకు సరిపోయే ఉప్పును బిందెలో కలిపితే రుచి తెలుస్తుందా? అందుకే మొదటి రోజు కిలో బరువుకు 12 మిల్లీగ్రాములు, ఆ తర్వాత రోజూ 6 ఇవ్వాలంటారు. కిడ్నీలు చెడ్డాయన్న భయంతో ఆ మొదటి డోసునే సగం చేయడం కర్నూలులో పనిచేస్తూ చాలాసార్లు చూశాను. తగ్గించవలసింది తర్వాతి డోసులను.

డయాలసిస్ మొదలైతే లెక్క మళ్లీ తిరగబడుతుంది. ఈ మందులో సుమారు 80 శాతం మూత్రంలోనే బయటికి పోతుంది కాబట్టి కిడ్నీలు ఆగితే ఒంట్లో పేరుకుంటుంది. కానీ మూడు గంటల డయాలసిస్ రక్తంలోని మందును దాదాపు సగానికి దించేస్తుంది. పొద్దున డోసు ఇచ్చి, గంట తర్వాత రోగిని యంత్రం మీద పెడితే ఆ మందులో దాదాపు సగం వృథా. 'డయాలసిస్ అయ్యాకే ఇవ్వాలి' అని కేస్‌షీట్ మీద రాయడానికి ఒక్క నిమిషం పట్టదు.

వోరికొనజోల్ అనే మరో ఫంగస్ మందు ఇంకా మొండిది. దాన్ని అరగదీసేది కాలేయం. ఆ పనిచేసే సీవైపీ2సీ19 ఎంజైమ్ ఆసియావాసుల్లో 15 నుంచి 20 శాతం మందికి పుట్టుకతోనే మందకొడి. జబ్బు వల్ల ఒంట్లో వాపు ప్రక్రియ (ఇన్‌ఫ్లమేషన్) ఎక్కువైతే ఉన్న ఎంజైమ్ కూడా నెమ్మదిస్తుంది. పైగా మాత్రను 200 నుంచి 300 మిల్లీగ్రాములకు పెంచితే రక్తంలో మందు ఒకటిన్నర రెట్లు కాదు, సుమారు రెండున్నర రెట్లు పెరుగుతుంది.

వోరికొనజోల్ వాడుతున్న ఒక పెద్దాయన, వెంటిలేటర్ తీసిన రెండో రోజు, గోడ మీద చీమలు బారు కట్టాయని పదే పదే చూపించారు. నిద్రలేక అలా మాట్లాడుతున్నారనుకున్నాం. రక్త నమూనా వేరే నగరానికి పంపితే ఫలితానికి ఐదు రోజులు పట్టింది. రక్తంలో మందు మిల్లీలీటరుకు 1 నుంచి 5.5 మైక్రోగ్రాముల మధ్య ఉండవలసింది 9 దాటింది. డోసు తగ్గించాక చీమలు పోయాయి. ఆ ఐదు రోజులూ ఆయనను మంచానికి కట్టి ఉంచామన్న బాధ నాకు ఇప్పటికీ తీరలేదు.

2021లో నల్ల ఫంగస్ వచ్చినప్పుడు దానికి వాడే ఆంఫోటెరిసిన్ మందు సీసాల కోసం ఊళ్లకు ఊళ్లు తిరిగాం. ఆనాటి ప్రశ్న మందు దొరుకుతుందా అని. ఇవాళ మందు దొరుకుతోంది, రక్తంలో దాన్ని కొలిచే ఏర్పాటే చేతికి అందడం లేదు. కర్నూలు, అనంతపురం, కడప మూడింటా ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. మూడింటికీ కలిపి రక్తంలో మందు ఎంతుందో కొలిచే ఒక క్రొమటోగ్రఫీ యంత్రం, దాన్ని నడిపే ఇద్దరు మనుషులు చాలు. రాత్రి బస్సులో వచ్చిన నమూనాకు మర్నాటి సాయంత్రానికి ఫోనులో ఫలితం చెప్పవచ్చు. వోరికొనజోల్‌కు నమూనా తీయవలసింది మందు మొదలైన రెండు నుంచి ఐదు రోజుల్లో, తర్వాతి డోసుకు ముందు. ఆ ఫలితం మర్నాడే చేతికొస్తే ఆ వెంటనే వచ్చే డోసు దగ్గరే సరిదిద్దుకుంటాం.