చేయి పట్టి గీయించవద్దు

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల గోడల మీద, ప్రత్యేక పాఠశాలల ప్రదర్శనల్లో ఆటిజం ఉన్న పిల్లల పేరుతో పెట్టిన బొమ్మల్లో కొన్ని మరీ తీర్చిదిద్దినట్టుంటాయి. అంచు దాటని జామకాయ, కొలిచి గీసినట్టున్న జెండా. బిడ్డ చేతి మీద పెద్దవాళ్లు చెయ్యి వేసి గీయించినవి అవి. ఈ పద్ధతి మానాలని మేము కోరుతున్నాం. చిత్రలేఖనం ఆటిజానికి మందు కాదు. దానిపై జరిగిన అధ్యయనాలూ చాలావరకు చిన్నవే. అయినా మాట రాని బిడ్డకు ‘ఇది కావాలి, అది వద్దు’ అని చెప్పుకునే చోటు, పక్కనున్న మనిషితో కలిసి ఒకే వస్తువు మీద చూపు నిలిపే వీలు ఇందులో ఉన్నాయి. చెయ్యి పట్టేస్తే ఆ రెండూ పోతాయి. స్పర్శను ఓర్చుకోలేని బిడ్డకైతే ఆ పట్టే ఒక బాధ.

మొదట్లో పది నిమిషాలు చాలు. రోజూ అదే వేళ, అదే బల్ల. రంగులు వేయడం, చేతులు కడుక్కోవడం, ఉయ్యాల ఊగడం అని మూడు బొమ్మల కార్డులు వరసగా పెడితే తర్వాతేమిటో తెలిసి బెదురు తగ్గుతుంది. కాగితాన్ని నాలుగు మూలలా టేపుతో అంటించాలి. అది జారుతుంటే విసిగి లేచిపోతారు. 24 రంగుల పెట్టె ముందుంచకుండా రెండే రంగులు చూపాలి. వేలితో చూపినా, కళ్లతో చూసినా జవాబు వచ్చినట్టే. క్రేయాన్‌ను అంగుళం ముక్కలుగా విరిచిస్తే పిడికిలికి అందక వేళ్ల కొసలతో పట్టుకుంటారు.

తడి రంగు అంటగానే ఏడ్చే పిల్లలున్నారు. అది మొండితనం కాదు, ఆ తడి వాళ్లకు నిజంగానే భరించరానిది. జిప్ కవరులో రెండు చెంచాల పోస్టర్ రంగు పోసి, గాలి తీసి, మూతికి టేపు వేసి బల్లకు అంటిస్తే చేతికి తడి తగలకుండా వేలితో గీయవచ్చు. తర్వాత బ్రష్షు, ఆ తర్వాతే నేరుగా రంగులో వేలు. వారాలు పట్టినా తొందరపెట్టకూడదు. పక్కనే తడిగుడ్డ ఉండాలి.

బొమ్మలు చేసుకునే పిండిముద్దకు రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు, చెంచా నూనె, చిటికెడు పసుపు, కప్పుకు కాస్త తక్కువ నీళ్లు. నీళ్లు ఒకేసారి పోస్తే జిగటయి వేళ్లను వదలదు, ఆ బిడ్డ మళ్లీ ముట్టడానికి జంకుతుంది. ఏదైనా నోట్లో పెట్టుకునే అలవాటున్న పిల్లలకు ఈ ముద్ద అసలు ఇవ్వకూడదు. అంత ఉప్పు కడుపులోకి పోతే ప్రాణాపాయం. వాళ్లకు ఉప్పు వేయని చపాతీ పిండిని ఏ రోజుకారోజు కలపాలి.

రోజూ ఫ్యానే గీసే బిడ్డ చేతిలోంచి కాగితం లాక్కోవద్దు. పక్కన కూర్చుని మరో కాగితంపై మనమూ ఫ్యాను గీయాలి. కొన్నాళ్లకు ఒక రెక్క వదిలేసి ఆగాలి. బిడ్డ ఆ రెక్క పూర్తి చేసిన రోజున ఇద్దరూ కలిసి ఒక బొమ్మ గీసినట్టు. ‘బాగుంది’ అనే బదులు ‘నీలం గీత పొడుగ్గా గీశావు’ అనాలి.

లండన్ చిత్రకారుడు స్టీఫెన్ విల్ట్‌షైర్ నగరాలను ఒకసారి పైనుంచి చూసి జ్ఞాపకం నుంచే గీస్తారు. ఆయనకు ఆటిజం ఉంది. అంతటి ప్రతిభ అరుదు, ప్రతి బిడ్డలోనూ దాన్ని వెతకడం అన్యాయం.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ చిత్రకళా తరగతుల్లో పాల్గొనే వీలు కల్పించాలంటోంది. రెండు తెలుగు రాష్ట్రాలూ భవిత కేంద్రాలకు రంగులు, కాగితాల కోసం విడిగా నిధులివ్వాలి. మేధో వైకల్యం ఉన్నవారి కోసం సికింద్రాబాద్‌లో ఉన్న జాతీయ సంస్థ నీపిడ్ సాయంతో డ్రాయింగ్ మాస్టార్లకు శిక్షణ ఇప్పించాలి. ప్రతి కాగితం వెనుక తేదీ, బిడ్డ ఎన్ని నిమిషాలు కూర్చుంది, ఏ రంగు తానే ఎంచుకుంది రాసి దాచాలి. ఏప్రిల్ 2న, ప్రపంచ ఆటిజం అవగాహన దినాన, తల్లిదండ్రుల చేతికివ్వాల్సింది ఆ కాగితాల కట్టనే.