సవరణ: ఎంఎం 540 జీపు ఇంజిన్ గురించి

మా పాత మహీంద్రా ఎంఎం 540కి వేరే ఇంజిన్ ఎంచుకోవడం గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. క్షమించండి.

మా జీపులో ఉన్న ప్యూజో ఇంజిన్ 2498 సీసీ అన్నాను. కాదు, ఆ ఎక్స్‌డీపీ 4.90 ఇంజిన్ 2112 సీసీ. 2498 సీసీది ఎక్స్‌డీ3పీ, అది వేరే ఇంజిన్. విజయనగరంలో మా మేస్త్రి బ్లాకు మీద జిడ్డంతా డీజిల్ గుడ్డతో తుడిచి, నంబరు ఒక్కో అంకె చదువుతూ ఆర్సీతో సరిచూశాడు. ఆర్సీలో ఆ నంబరు పక్క గడిలో 2112 అని స్పష్టంగా ఉంది.

రెండోది పెద్ద తప్పు. ముందు ఇంజిన్ ఎక్కించేసి, ఆర్సీలో తర్వాత మార్పించుకోవచ్చని రాశాను. అలా చేయకండి. మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షన్ 52 ప్రకారం ఇంజిన్ మార్పుకి రవాణా శాఖ అనుమతి కావాలి. అది చేతికొచ్చాకే పని మొదలుపెట్టండి. నా మాట నమ్మి ఎవరైనా అడ్వాన్సు ఇచ్చి ఉంటే, ఆ ఇంజిన్ తాలూకు కాగితాలు ఇప్పుడే అడిగి తీసుకోండి.

దీని బదులు 2523 సీసీ డీఐ (డీజిల్‌ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే) ఇంజిన్ వేయాలని నాకూ ఆశ ఉంది. కానీ బెల్ హౌసింగ్ (ఇంజిన్‌ని గేర్‌బాక్సుతో కలిపే డొప్ప), మౌంటింగులు (ఇంజిన్‌ని బండికి బిగించే ఆధారాలు) సరిపోతాయో లేదో కొలిపించకుండా కొనకూడదు. ఎస్.కోట నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కే మా బండికి మాత్రం ఉన్న ఎక్స్‌డీపీనే బోరు చేయించాలని (అరిగిన సిలిండర్లు లోపల మళ్లీ తొలిపించాలని) నిర్ణయించుకున్నాను.