మూజువాణి ఓటు సంగతి కూడా రాయాల్సింది

అమెరికా రాజకీయ నాయకురాలు నిక్కీ హేలీ గురించి మీ వ్యాసం బాగుంది కానీ, గవర్నర్ పదవి, ఐక్యరాజ్యసమితి, అధ్యక్ష పోటీ దగ్గరే ఆగిపోయారు. సౌత్ కరోలినా శాసనసభలో ఆమె గడిపిన ఆరేళ్లకు (2005–2011) రెండు లైన్లేనా?

అమృత్‌సర్ నుంచి వచ్చిన సిక్కు దంపతుల కూతురు. బాంబర్గ్ అనే చిన్న ఊళ్లో అమ్మ నడిపే బట్టల కొట్టుకి పదమూడేళ్లకే లెక్కలు రాసింది. క్లెమ్సన్ యూనివర్సిటీలో చదివిందీ అకౌంటింగే. 2004లో రిపబ్లికన్ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) సభలోనే అందరికంటే సీనియర్ అయిన లారీ కూన్‌ని ఓడించింది.

అసలు విషయం ఇది. అక్కడ చాలా బిల్లులు మూజువాణి ఓటుతో, అంటే సభ్యులు నోటితో అవును, కాదు అని అరిస్తే చాలు, పాసయ్యేవి. ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో రికార్డు ఉండేది కాదు. 2008లో సభ్యుల పెన్షన్ పెంపు కూడా అలాగే సాగడంతో, పేరుపేరునా ఓటు నమోదు చేయాలని ఆమె పట్టుబట్టింది. సొంత పార్టీ పెద్దలకే కోపం వచ్చింది, ముఖ్యమైన కమిటీ నుంచి తప్పించారు. అయినా వదల్లేదు. 2011లో గవర్నర్‌గా, ఓట్లు అలా నమోదు చేయాలనే చట్టం మీద తనే సంతకం పెట్టింది.

కార్మిక సంఘాల మీద ఆమె వైఖరి నాకు అస్సలు నచ్చదు. కానీ ఈ ఒక్క పనికి మాత్రం దణ్ణం పెడతాను. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో మన రాష్ట్ర విభజన బిల్లు మూజువాణి ఓటుతో, టీవీ ప్రసారం ఆగిపోయి ఉండగా పాసవడం గుర్తుందిగా? మన ఎంపీ ఏ వైపు ఓటేశాడో రికార్డులో వెతికినా దొరకదు.