చేతిలో ఉంటే నేరం, అద్దం మీదైతే సౌకర్యమా?

కారు నడిపేవారి కళ్ల ముందున్న అద్దాన్ని తెరగా మార్చే పోటీలో వాహన సంస్థలు పరుగులు తీస్తుంటే, ఆ అద్దం మీద ఏది వెలగవచ్చో ఏది వెలగకూడదో తేల్చి చెప్పవలసిన కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ చోద్యం చూస్తోంది. డ్రైవర్ తల దించకుండానే చూసేలా సమాచారాన్ని కళ్ల ముందు వెలిగించే ఏర్పాటే హెడ్-అప్ డిస్‌ప్లే. వేగం ఎంతో చూపిస్తే చాలునని మొదలైన ఇది ఇప్పుడు దారి చూపే బాణాలను దాటి, ఫోన్ చేస్తున్నవారి పేరు, వినిపిస్తున్న పాట పేరు దాకా వచ్చింది. డ్రైవర్ చేతిలోని ఫోన్‌ను ప్రమాదకరమని చెప్పి చలానా రాస్తున్న ప్రభుత్వం, అదే ఫోన్‌లోని సమాచారం అద్దం మీదికి ఎక్కితే ఆధునికతగా అంగీకరించడం ద్వంద్వ నీతి. దీన్ని ఇప్పుడే ప్రశ్నించకపోతే రేపు ఇదే ఆనవాయితీగా స్థిరపడుతుంది.

యుద్ధ విమానాల కోసం పుట్టిన ఈ పరిజ్ఞానాన్ని 1988లో అమెరికాలో జనరల్ మోటార్స్ తన ఓల్డ్స్‌మొబైల్ కారులో అమర్చినప్పుడు, అద్దం మీద కనిపించినవి వేగం, ఇండికేటర్ల వంటి కొద్దిపాటి గుర్తులు మాత్రమే. మన దేశంలో 2019లో వచ్చిన కియా సెల్టోస్, 2022లో వచ్చిన కొత్త బాలెనో, బ్రెజా దీన్ని మధ్యతరగతి కొనుగోలుదారుల దాకా తెచ్చాయి. 2024 నవంబరులో మహీంద్రా విద్యుత్ కార్లతో పాటు ఆగ్మెంటెడ్ రియాలిటీ రకం కూడా వచ్చింది. ఇందులో బాణాలు, గీతలు రోడ్డు మీదే గీసినట్టు కనిపిస్తాయి. 2025 జనవరిలో లాస్ వెగాస్ ప్రదర్శనలో బీఎండబ్ల్యూ, అద్దం కింది అంచున ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సమాచారం పరిచి చూపించింది. కొద్దిపాటి గుర్తులు అద్దం వెడల్పంతా పరచుకోవడానికి నాలుగు దశాబ్దాలు కూడా పట్టలేదు.

ఈ ఏర్పాటు వల్ల మేలు లేదని మేము అనడం లేదు. చూపు స్పీడోమీటర్ మీదికి దిగి మళ్లీ రోడ్డు మీదికి వచ్చే ఆ కాస్త సమయం కలిసివస్తుంది. చత్వారం వచ్చినవారికి ఎదురుగా కొంత దూరంలో తేలుతున్నట్టు ఉండే అంకె, డ్యాష్‌బోర్డులోని అంకె కంటే తేటగా కనిపిస్తుంది. అయితే ఈ సమర్థన వేగానికి, మలుపు సూచనకు, ముందున్న ప్రమాదం గురించిన హెచ్చరికకు వర్తిస్తుందే తప్ప, పాట పేరుకూ వాతావరణ సమాచారానికీ వర్తించదు. సంస్థలు మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని అమ్ముతున్నాయి.

కళ్లు రోడ్డు వైపు ఉన్నంత మాత్రాన మనసు రోడ్డు మీద ఉన్నట్టు కాదు. ఈ సంగతి కొత్తగా కనిపెట్టవలసింది కూడా కాదు. 1980 నాటికే అమెరికా అంతరిక్ష సంస్థ నాసా అనుభవజ్ఞులైన పైలట్లతో సిమ్యులేటర్‌లో ప్రయోగాలు చేసింది. హెడ్-అప్ డిస్‌ప్లే సాయంతో విమానాన్ని దించుతున్నవారిలో కొందరు, రన్‌వే మీద మరో విమానం అడ్డంగా ఉన్నా గమనించలేదు. వారి చూపు సరిగ్గా రన్‌వే వైపే ఉంది, ధ్యాస మాత్రం అంకెల్లో చిక్కుకుంది. 2015లో టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు కార్ల విషయంలోనూ ఇదే హెచ్చరిక చేశారు. ఒకే దృశ్యంలో రెండు విషయాలు ధ్యాస కోసం పోటీ పడితే మనిషి తడబడతాడని, కొన్నింటిని అసలు గమనించనే గమనించడని చెప్పారు. ఏళ్ల తరబడి శిక్షణ పొందిన పైలట్లకే తప్పని పొరపాటు, నిన్న లైసెన్సు తీసుకుని ఇవాళ కారు తాళాలు అందుకున్నవారికి తప్పుతుందని ఏ ధైర్యంతో అనుకుంటున్నారు? గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద అనుమతించిన 120 కిలోమీటర్ల వేగంలో అది 33 మీటర్లు.

ఇక చట్టం ఏమంటోందో చూద్దాం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్, నడుపుతూ చేతిలో ఫోన్ వాడటాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్‌గా లెక్కించింది. మొదటి తప్పుకే వెయ్యి నుంచి 5 వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన, ఫోన్‌ను దారి తెలుసుకోవడానికి మాత్రమే, అదీ డ్రైవర్ ఏకాగ్రత చెదరకుండా మాత్రమే వాడవచ్చని స్పష్టంగా చెప్పింది. దారికి తప్ప మరి దేనికీ కాదని, ఏకాగ్రత చెదరకూడదని రాసిన చేయి ఇదే మంత్రిత్వ శాఖది. అదే షరతును అద్దం మీది వెలుగుకు వర్తింపజేయడానికి ఆ చేయి ఎందుకు ఆడటం లేదు? మూలచట్టంలో హెడ్-అప్ డిస్‌ప్లే అన్న మాట లేకపోవడం సాకు కాదు. వాహనాల నిర్మాణం, పరికరాల మీద నిబంధనలు చేసే అధికారం 110వ సెక్షన్ కేంద్రానికి ఇచ్చే ఉంది.

అద్దం విషయంలోనూ ప్రభుత్వానికి రెండు నాలుకలున్నాయి. ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం కాంతి ప్రసరించాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 100వ నిబంధన చెబుతోంది. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములను నిషేధించాక, మన నగరాల్లో పోలీసులు కూడళ్ల దగ్గర కార్లను ఆపి మరీ వాటిని చింపించారు. అద్దం పారదర్శకంగా ఉండాలన్న సూత్రం అంత గట్టిదైతే, దాని మీద ప్రత్యక్షమయ్యే బొమ్మలకూ అక్షరాలకూ ఆ సూత్రం వర్తించదా? యజమాని అంటిస్తే తప్పు, తయారీదారు వెలిగిస్తే ఒప్పు అన్న తీరు న్యాయం కాదు.

అసలు ఇది భద్రతా సాధనమే అయితే, ఎక్కువ కార్లలో టాప్ వేరియంట్ కొనేవారికే ఎందుకు దక్కుతోంది? సీటుబెల్టు హెచ్చరికను, ముందు సీట్ల ఎయిర్‌బ్యాగులను చట్టం ప్రతి కారుకూ తప్పనిసరి చేసింది. అవి లగ్జరీలు కావు కాబట్టి. హెడ్-అప్ డిస్‌ప్లేను భద్రత పేరు చెప్పి ప్రచారం చేస్తూ, విలాసం కింద ధర కట్టి అమ్మడంలోనే సంస్థల మాటకూ చేతకూ మధ్య దూరం బయటపడుతోంది. ఆ విలాసానికి మూల్యం చెల్లించేది కారులో ఉన్నవారు కాకపోవచ్చు. కేంద్రం లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారు, 19.5 శాతం నడిచి వెళ్తున్నవారు. అంటే ప్రతి ముగ్గురు మృతుల్లో దాదాపు ఇద్దరికి చుట్టూ ఇనుప చట్రం లేదు, ముందు అద్దమూ లేదు.

మన రోడ్లను ఒకసారి తలచుకోవాలి. కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటుంది. వెనుక దీపం లేని ట్రాక్టర్ ట్రాలీ రాత్రివేళ ఎదురుగా వచ్చే హైబీమ్ వెలుతురులో చివరి క్షణం దాకా కనిపించదు. డివైడర్ సందులోంచి బైకు రాంగ్ రూటులో దూసుకొస్తుంది, గేదెల మంద నిదానంగా రోడ్డు దాటుతుంది. విజయవాడ జాతీయ రహదారి మీద అయినా, పల్లె రోడ్డు మీద అయినా, ఇక్కడ డ్రైవర్‌ను కాపాడేది ముందున్న మసక ఆకారం ఏమిటో పోల్చుకునే చూపు ఒక్కటే. ఆ చూపుకు అడ్డంగా, రాత్రి చీకటికి అలవాటు పడిన కంటికి మరీ ఎక్కువగా తగిలే వెలుగును నిలపడం ఎంత చిన్న విషయం అనిపించినా చిన్నది కాదు. బజారులో, ఆన్‌లైన్‌లో దొరికే చవక పరికరాలది మరో తలనొప్పి. డ్యాష్‌బోర్డు మీద పెట్టి, ముందు అద్దానికి ప్రతిబింబించే ఫిల్ము అంటించి వాడే వీటి నాణ్యతను ఎవరు పరీక్షించారన్నది కొన్నవారికీ తెలియదు, అమ్మినవారికీ తెలియదు.

ఊరుకుంటే ఏమవుతుందో టచ్‌స్క్రీన్ల అనుభవం ఇప్పటికే చూపించింది. ఏసీ బటన్లు, రేడియో బటన్లు ఒక్కొక్కటిగా తెరలోకి వెళ్లిపోతుంటే ఏ నియంత్రణ సంస్థా అడ్డుచెప్పలేదు. తడిమి నొక్కే బటను పోయి, చూసి నొక్కవలసిన తెర వచ్చాక ఐరోపా కళ్లు తెరిచింది. ఇండికేటర్లు, వైపర్లు, హారన్ వంటి ప్రాథమిక పనులకు విడిగా బటన్లో మీటలో లేకపోతే 2026 నుంచి పూర్తి మార్కులు ఇవ్వబోమని అక్కడ కార్ల భద్రతకు రేటింగు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ ప్రకటించవలసి వచ్చింది. జరిగిపోయినదాన్ని వెనక్కి తిప్పడానికి అక్కడ అంత శ్రమ పడుతుంటే, ఇక్కడ మనం అదే దారిలో రెండో అడుగు వేస్తున్నాం. ఈరోజు పాట పేరును అనుమతిస్తే, రేపు సందేశాన్ని, ఎల్లుండి దారి పక్కనున్న దుకాణం ప్రకటనను వద్దనడానికి ప్రభుత్వం దగ్గర ఏ కారణం మిగులుతుంది?

కాబట్టి మంత్రిత్వ శాఖ చేయవలసింది స్పష్టంగా ఉంది. కారు కదులుతున్నంత సేపు అద్దం మీద వేగం, మలుపు సూచన, ప్రమాద హెచ్చరికలు తప్ప మరేదీ కనిపించకూడదని నిబంధన రాయాలి. వెలుగు ఎంత ఉండాలో, చూపులో ఎంత భాగాన్ని ఆక్రమించవచ్చో పరిమితి పెట్టాలి. మొత్తాన్నీ ఒక్క నొక్కుతో ఆర్పే బటను తప్పనిసరి చేయాలి. 2023 అక్టోబరులో మొదలైన మన దేశపు కార్ల భద్రతా రేటింగు పథకం భారత్ ఎన్‌క్యాప్ పెద్దల రక్షణకు, పిల్లల రక్షణకు, భద్రతా సహాయక సాంకేతికతకు మార్కులు వేస్తోంది. డ్రైవర్ ధ్యాసను మళ్లించే ఏర్పాట్లకు మార్కులు కోసే పద్ధతినీ అందులో చేర్చాలి. పరీక్షకు నిలవని చవక పరికరాల అమ్మకాన్ని ఆపాలి.

ఇవేవీ అసాధ్యమైన కోరికలు కావు, పెద్ద ఖర్చుతో కూడినవీ కావు. ఫోన్ విషయంలో 2020లోనే తాము ఒప్పుకున్న సూత్రాన్ని అద్దానికీ వర్తింపజేయమని మాత్రమే అడుగుతున్నాం. అమ్మకాలు తగ్గుతాయన్న సంస్థల గొణుగుడుకు తలొగ్గి ఈ కాస్త పని కూడా చేయలేని మంత్రిత్వ శాఖకు, కూడలిలో బైకు ఆపి, జేబులోంచి ఫోన్ తీశావని డెలివరీ కుర్రాడి చేతిలో చలానా పెట్టించే నైతిక అర్హత లేదు.