ఓడినవాడికి సగం కప్పు

నేపియర్ వంతెనకే చదరంగం గళ్లు వేసిన ఊరు చెన్నై. అలాంటి ఊళ్లో ఓ ఘోరమైన అన్యాయం ఏళ్ల తరబడి సాగుతోంది. వడపళని అపార్టుమెంట్లలో మన తెలుగువాళ్లు ఉగాదికి పెట్టే పోటీల్లో నాలుగెత్తుల్లో ఆట కట్టించిన పిల్లాడికి కప్పు ఇస్తారు. ఆ కట్టడానికి ఇటుకా సున్నం అందించిన అవతలి పిల్లాడు మాత్రం ఒట్టి చేతులతో ఇంటికెళ్తాడు.

రెండెత్తుల ఆటకట్టునే చూడండి. తెల్లవాడి బంటు ఎఫ్3కి (అక్షరం నిలువు వరుస, అంకె అడ్డు వరుస), నల్లవాడి బంటు ఈ5కి. తెల్లవాడు జీ4 అనగానే నల్లమంత్రి హెచ్4లో కూర్చుంటాడు. అయిపోయింది. ఇందులో గెలిచినవాడి శ్రమ ఏపాటిది? తలుపు తీసి, కుక్కను కట్టేసి, బీరువా తాళం చేతికిచ్చింది తెల్లవాడే కదా!

నాలుగెత్తులది సమష్టి కృషి. ఈ4, ఈ5. తెల్ల శకటు (బిషప్) సీ4కి, నల్ల గుర్రం సీ6కి. ఆపైన తెల్లమంత్రి హెచ్5కి. (తాతయ్యకు మంత్రి, కోచింగ్ సారుకు క్వీన్, మనవడికి ఏ పేరైనా ఒకటే, ముందు దాన్నే బయటికి లాగుతాడు.) ఇక్కడ నల్లవాడి కర్తవ్యం గుర్రాన్ని ఎఫ్6కి దూకించి మంత్రిని బెదరగొట్టానని మురిసిపోవడం. మంత్రి ఎఫ్7 బంటును కొడతాడు, ఆట కట్టు. ఆ బంటుకు రాజొక్కడే కాపలా, శకటు అండ ఉన్న మంత్రిని రాజు ముట్టుకోలేడు.

ఇంకో ఏర్పాటు అచ్చం తమిళుల ఆడిమాసం తగ్గింపు ధరల్లాంటిది. ఈ4, ఈ5, రెండు గుర్రాలు ఎఫ్3, సీ6. తెల్ల శకటు సీ4కి రాగానే నల్లగుర్రం డీ4లోకి దూకి ఈ5 బంటును ఉచితంగా వదిలేస్తుంది. టీ నగర్ దుకాణాల రంగనాథన్ వీధిలో ఎగబడ్డట్టు తెల్లవాడు గుర్రంతో దాన్ని కొడితే నల్లమంత్రి జీ5కి వస్తాడు. గుర్రం ఎఫ్7ను కూడా తింటే మంత్రి జీ2 తింటాడు. ఏనుగు ఎఫ్1కి జరిగితే మంత్రి ఈ4 కొట్టి షా (రాజుకు చెక్) అంటాడు. శకటు ఈ2లో అడ్డం పడితే గుర్రం ఎఫ్3లో ఆట కట్టేస్తుంది; శకటు కదిలితే రాజుకే ముప్పు. ఉచితం జోలికి పోకుండా మొదట్లోనే డీ4 గుర్రాన్ని కొట్టేసేవాళ్ల వల్లే వ్యాపారాలు దెబ్బతింటున్నాయి.

పెద్దలూ సహకరించారు. 1988లో, మన దేశపు తొలి గ్రాండ్‌మాస్టర్ అయిన ఏడాదే, చెన్నై విశ్వనాథన్ ఆనంద్ స్విట్జర్లాండ్‌లోని బీల్‌లో కొలంబియా ఆటగాడు జపాటాతో ఆడుతూ అయిదో ఎత్తున శకటును ఎఫ్5లో పెట్టారు. జపాటా మంత్రిని ఈ2కి తెచ్చాడు. ఈ4 గుర్రం రాజుకు అడ్డంగా ఇరుక్కుంది. డీ5తో ఆదుకుందామంటే డీ3కి రావడానికి తెల్లబంటు కాచుకుని ఉంది. ఆరెత్తులకే ఆనంద్ ఓటమి ఒప్పుకున్నారు. అర పాయింటు ఇమ్మని అడగలేదు, పెద్దమనిషి.

అసలు విద్రోహి జీ6 ఆడేవాడు. నాలుగెత్తుల పథకంలో మంత్రి హెచ్5కి రాగానే ఈ బంటును తోస్తాడు. మంత్రి ఎఫ్3కి తగ్గి మళ్లీ ఎఫ్7 మీద కన్నేస్తే అప్పుడు తాపీగా గుర్రాన్ని ఎఫ్6లో అడ్డం పెడతాడు, శకటును జీ7లో సర్దుకుంటాడు. తెల్లగుర్రం బయటికొద్దామంటే దాని గడిలో మంత్రి తిష్ఠ వేసి ఉంటాడు. ఇలాంటి సహాయ నిరాకరణకు కప్పులో వాటా ఇవ్వకూడదు.

అయితే వీళ్లలోనూ సగం నేర్చినవాళ్లున్నారు. తెల్లమంత్రి రెండో ఎత్తుకే హెచ్5కి వస్తే, సీ6 గుర్రంతో ఈ5 బంటును కాయకుండానే జీ6 తోసేస్తారు. మంత్రి ఈ5 కొట్టి షా అంటాడు, ఆ వెంటనే హెచ్8 ఏనుగును తింటాడు. ఏనుగునే దానం చేసినవాడికి సగం కప్పు ఇవ్వాల్సిందే, పిడి ఉన్న సగం.