తొలి డాలర్ నుంచే కోత

అమెరికాలో పేదవాళ్లు ట్యాక్సే కట్టరని ఎవరైనా అంటే ఒళ్లు మండుతుంది. చాలామంది కట్టనిది ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ ఒక్కటే. వాళ్ల పే స్టబ్, అంటే జీతం చీటీ, చూడండి: సోషల్ సెక్యూరిటీకి (ప్రభుత్వ పింఛను) 6.2 శాతం, మెడికేర్‌కి (పెద్దవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా) 1.45 శాతం. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో లాగా కొంత ఆదాయాన్ని పన్ను లేకుండా వదిలేసే స్టాండర్డ్ డిడక్షన్ దీనికి ఏమీ లేదు, తొలి డాలర్ నుంచే కోత.

2025లో సోషల్ సెక్యూరిటీ కోత 1,76,100 డాలర్ల జీతం దగ్గర ఆగిపోయింది. అంటే, ఏడాదికి పది లక్షల డాలర్ల జీతం ఉన్నాయనకి ఆ కోత మార్చి మొదట్లోనే అయిపోయింది. కిరాణా షాపు కౌంటర్లో రోజంతా నిలబడే అమ్మాయికి మాత్రం డిసెంబర్ దాకా ప్రతి చెక్కులోనూ పడుతూనే ఉంది. రెండు ముక్కల్లో చెప్పగలిగే సంగతే ఇది! అయినా టీవీ చర్చల్లో ఎంతసేపూ ఇన్‌కమ్ ట్యాక్స్ శ్లాబుల గొడవే. మన తెలుగువాళ్ల విందుల్లోనూ అంతే. నోరు తెరిచి చెబితే రాజకీయాలు మాట్లాడకంటారు. జీతం చీటీలో ఉన్న అంకె చదివితే రాజకీయమా?